నూట పన్నెండు కిలోల సాక్షి

ఆ రోజు పొద్దున బాలరాజ్ అనుకున్న ఏర్పాట్లలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడింటికల్లా పాలు పోసి రావడం, ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి సాక్షులను పిలుచుకోవడం, పదకొండు గంటలకు ఆఫీసరు రావడం, పదకొండున్నరకల్లా భుజం ఆపరేషనుకు మంజూరు దొరకడం. ఉప్పుగూడలో మూడు తరాలుగా బర్రెలు కాసుకుని బతుకుతున్న ఇంట్లో పుట్టినవాడు కాబట్టి వేళకు లేవడం, వేళకు పని ముగించడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆఫీసర్లకు అటువంటి అలవాట్లు ఉండవని తెలుసు గానీ, ఆ ఒక్క రోజుకు ఆశపడ్డాడు.

అయిదేళ్ల కిందట ఒక అక్టోబరు సాయంత్రం, పైన ఎక్కడో చెరువు తెగి నాలా పొంగి బస్తీలోకి వచ్చింది. పడవలు వచ్చేలోగా బాలరాజ్ ఒక ట్రాక్టరు ట్యూబు, బర్రెల పలుపుతాడు పట్టుకుని నీళ్లలోకి దిగి పదిహేను మందిని ఒడ్డుకు చేర్చాడు. అప్పుడతణ్ణి ఎవరూ వాలంటీరు అనలేదు. పిచ్చోడు అన్నారు. వాలంటీరు అనే మాట తర్వాత ప్రభుత్వం వాళ్లు జాబితా రాసుకున్నప్పుడు వచ్చింది. జాబితాతో పాటు ఒక ప్రశంసాపత్రం వచ్చింది. కుడి భుజంలో నొప్పి మాత్రం జాబితా కంటే ముందే వచ్చి, పోకుండా ఉండిపోయింది.

ఇప్పుడా చెయ్యి ఛాతీని దాటి పైకి లేవదు. పాలు పిండటానికి వేళ్లు మూసుకోవు. నాలుగు బర్రెలు రెండయ్యాయి. ఆ రెంటినీ భార్య కళావతి పిండుతుంది, ఆమె మణికట్లు రెండూ వాచిపోయి ఉంటాయి. ఈ ఏడాది దాటితే నరం ఎండిపోయి చెయ్యి ఉన్నా లేనట్టేనని డాక్టరు చెప్పాడు. చెయ్యి పోతే బర్రెలు పోతాయి, బర్రెలు పోతే నలభై ఎనిమిదేళ్ల బాలరాజ్‌కు వేరే పని రాదు. ఇటువంటప్పుడు, వరదల్లో గాయపడిన వాలంటీర్లకు పెద్ద దవాఖానలో ఉచితంగా ఆపరేషన్ చేయిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆఫీసరు ఇంటికే వచ్చి విచారిస్తాడు. ముగ్గురు సాక్షులు కావాలి. అందులో ఒకరు, ఎవరిని కాపాడుతుంటే గాయమైందో సరిగ్గా ఆ మనిషే అయి ఉండాలి.

చిక్కంతా ఆ మనిషితోనే వచ్చింది. ఆ మనిషి బీరయ్య పహిల్వాన్.

బీరయ్య ఇల్లు బాలరాజ్ ఇంటికి నాలుగిళ్ల అవతల. శాలిబండలో అతనికో తాలీం ఉంది. తాతల నాటి మట్టి అక్కడ, ఆ మట్టిలో పిల్లలకు కుస్తీ నేర్పుతాడు. గోడ మీద గద పట్టుకున్న అతని ఫోటో, దాని కింద ఎర్రరంగుతో ‘112 కిలోలు’ అని రాసి ఉంటుంది. ఎంతటివాణ్ణయినా ఎత్తి పడేస్తాడు గానీ ఆయనకు ఈత రాదు. ఆ సాయంత్రం ఇంటి కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతుంటే బాలరాజ్ వెళ్లి భుజం మీద ఎక్కించుకున్నాడు. మెడలోతు నీళ్లలో ఉన్నంతసేపు బరువు తెలియలేదు. రైల్వే స్టేషన్ దగ్గర నీళ్లలోంచి బయటపడి మెట్లు ఎక్కేటప్పుడు తెలిసింది. నాలుగో మెట్టు మీద భుజంలో ఏదో పుటుక్కుమంది.

మర్నాడు తాలీం కుర్రాళ్లు బీరయ్య దగ్గరికి వచ్చి, ఉస్తాదే బాలరాజ్‌ను మోసుకుని ఈదుకుంటూ వచ్చాడట కదా అన్నారు. కాదనడానికి ఆ రోజు బీరయ్యకు ఓపిక లేదు. తర్వాత ధైర్యం లేకపోయింది. బస్తీలో ఆ కథే నిలిచింది. ఎవరు ఎవరిని మోస్తేనేం, ఇద్దరం బతికాం కదా అని బాలరాజ్ ఊరుకున్నాడు. భుజం ఎలా పోయిందని కళావతి అడిగితే, బర్రె పలుపు గుంజిందని చెప్పాడు. ఒక మనిషి పరువు కాపాడదలచుకుంటే సొంత పెళ్లాం దగ్గర కూడా కాపాడేంత అమాయకుడు అతను.

ఆ పొద్దున స్నానం కాగానే బీరయ్య ఇంటికి వెళ్లాడు.

“పహిల్వాన్ అన్నా, పదకొండుకు ఆఫీసర్ వస్తుండు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలె.”

“ఏం మాట?”

“గదే మాట.”

బీరయ్య నానబెట్టిన బాదంపప్పు పొట్టు తీస్తున్నవాడల్లా ఆగిపోయాడు. “బాలరాజ్, పానం అడుగు, ఇస్త. గా మాట అడగకు. తాలీంల పద్నాలుగు మందే మిగిలిన్రు. అందరు ఏసీ జిమ్ములకు పోతున్రు. ఉస్తాద్‌ను పాలాయన ఎత్తుకొచ్చిండని తెలిస్తే రేపు ఒక్కడు గూడ లంగోటి కట్టడు.”

“మరి నా భుజం?”

బీరయ్య ఆ భుజం వైపు చూడలేదు. అయిదేళ్లుగా చూడటం లేదు. “నేనొస్త. నువ్వు మంది పానాలు కాపాడినవని ఒట్టేసి చెప్త. నన్ను అని మాత్రం చెప్ప,” అన్నాడు.

ఇక్కడ బాలరాజ్‌కు కోపం రావాలి. మీకైనా నాకైనా వస్తుంది. అతనికి మాత్రం జాలి కలిగింది. ఎదుటివాళ్ల పరువు మీద ఉన్న శ్రద్ధలో సగం ఒంటి మీద ఉంటే ఆ చెయ్యి ఎప్పుడో బాగుపడేది. సరేనన్నా అని లేచి, అక్కణ్ణుంచి నేరుగా లలితమ్మ దగ్గరికి వెళ్లాడు.

లలితమ్మకు డెబ్బై రెండేళ్లు. ఆ వరదలో ఆమెను అల్యూమినియం గంగాళంలో కూర్చోబెట్టి తోసుకుంటూ తెచ్చింది బాలరాజే. గంగాళం సంగతి వదిలేసి, భుజం మీద మోసుకొచ్చాడని చెప్పమని అడిగాడు.

“అబద్ధమాడుడు నాకు రాదు కొడుకా.”

“అబద్ధం కాదమ్మా. తెచ్చింది నేనే గద.”

“తెచ్చింది నువ్వే. కూసున్నది మాత్రం గంగాళంల.” ఆమె కాసేపు అతని చేతిని చూసింది. “సరే తియ్. భుజం మీదనే కూసున్న. పైన దేవుడు అడిగితే నీ పేరు చెప్త.”

మూడో సాక్షి డానియేలు. రైల్వేలో ట్రాక్‌మన్. అతని ఇద్దరు ఆడపిల్లలను బాలరాజ్ ట్యూబు మీద కూర్చోబెట్టి తెచ్చాడు. అప్పటినుంచి బాలరాజ్ కోసం ఏమైనా చేస్తానంటూ ఉంటాడు. అడగకపోయినా చేస్తాడు, అందుకే అతనంటే కొంచెం భయం.

పదకొండు గంటల ఆఫీసరు ఒంటిగంటకు వచ్చాడు. పేరు శ్రవణ్‌కుమార్. ముప్పై ఏళ్లుంటాయి. సొంత బైకు, దాని వెనక తాడుతో కట్టిన పెద్ద సంచి, చంకలో ట్యాబు. చూస్తే మంచివాడే. బండి దిగేటప్పుడు నడుము పట్టుకుని దిగాడు. ఇంటి ముందు మంచం వేశారు. ఒక పక్క లలితమ్మ, ఒక పక్క డానియేలు, పశువుల తొట్టి గట్టు మీద బీరయ్య కూర్చున్నారు. కళావతి లోపల చాయ్ పెడుతోంది. ఏర్పాట్ల సంగతి ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

“గాయం ఎవరిని కాపాడుతుంటే అయింది బాపూ?” అని శ్రవణ్‌కుమార్ అడిగాడు.

“నన్ను,” అంది లలితమ్మ. “భుజం మీద మోసుకొచ్చిండు.”

“మీ బరువెంత అమ్మా?”

“బరువెందుకయ్యా?”

“నాకు గూడ తెల్వదమ్మా. యాప్ల అడుగుతుంది.”

నలభై రెండు కిలోలని తేలింది. అంకె ఎక్కించగానే ట్యాబు ఎర్రబడి, బరువుకూ గాయానికీ పొంతన లేదు, వివరణ ఇవ్వండి అంది. “నేను అంటలేను బాపూ, ఇది అంటుంది,” అని శ్రవణ్‌కుమార్ మొహమాటపడ్డాడు. బాలరాజ్ నోరు తెరిచేలోగా డానియేలు అందుకున్నాడు.

“సార్, ఆమె ఒక్కతే కాదు. ఒళ్లె గ్యాస్ సిలిండర్ ఉండె. నిండు సిలిండర్.”

లలితమ్మ తల తిప్పి అతణ్ణి చూసింది. “నాకు అప్పటికి గ్యాసే లేకుండె గదరా.”

“పక్కింటోళ్లది,” అన్నాడు డానియేలు.

“పక్కింటి సిలిండర్ మీ దగ్గరకు ఎట్లొచ్చిందమ్మా?” అని శ్రవణ్‌కుమార్ మామూలుగానే అడిగాడు. కానీ ఆ మాటలో ఏముందో లలితమ్మకు తెలిసిపోయింది. డెబ్బై రెండేళ్లు ఒకరి గడ్డిపరక ముట్టని మనిషి.

“నేను దొంగను గాను సార్. సిలిండర్ లేదు, భుజం లేదు. గంగాళంల కూసుండి వచ్చిన. గంగాళం గూడ నాదే. రాసుకోన్రి,” అని చెంగు దులుపుకుని అటు తిరిగి కూర్చుంది.

శ్రవణ్‌కుమార్ రాసింది చెరిపేశాడు. “మరి భుజం మీద ఎవరున్నరు?”

బీరయ్య తొట్టిలో కుడితి వైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు కళావతి చాయ్ పట్టుకుని బయటికి వచ్చింది. లోపలి నుంచి అంతా విన్నది. ఇంత చిన్న సంగతికి వీళ్లు ఎందుకిలా తడబడుతున్నారో ఆమెకు అర్థం కాలేదు.

“ఎవరు లేకుండె సార్. మా బర్రె. పలుపు గుంజితే పోయింది భుజం,” అంది.

బాలరాజ్ ఆమెకు సైగ చేద్దామనుకున్నాడు. ఆమె వైపున్నది కుడిచెయ్యి. అది లేవలేదు.

“నేనే చూసిన,” అని డానియేలు మళ్లీ సాయానికి వచ్చాడు. “మస్తు పెద్ద బర్రె సార్. ఆరు వందల కిలోలు ఉంటది.”

“బర్రె అయితే పశుసంవర్ధక శాఖకు పోవాలె,” అన్నాడు శ్రవణ్‌కుమార్. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి మెల్లగా మాట్లాడాడు. “ముగ్గురు మూడు తీర్ల చెప్పిన్రు. రూల్ ప్రకారం నేను తప్పుడు దరఖాస్తు అని రాయాలె. రాస్తే మీరు ఇంక ఎన్నడు అప్లై చెయ్యరాదు.”

కళావతి తనేం తప్పు మాట్లాడిందో తెలియక, భర్త వైపు చూసి, వాచిన చేతులు కొంగులో దాచుకుంది. బాలరాజ్ బీరయ్యను చూశాడు. బీరయ్య తల ఎత్తలేదు. ఇప్పుడైనా బాలరాజ్ తనే చెప్పేస్తే సరిపోయేది. తాలీం గోడ మీది ఉస్తాద్ ఫోటో గుర్తొచ్చింది, నోరు రాలేదు.

“నేను గూడ ఆ దినం పడవ మీద ఉన్న బాపూ,” అన్నాడు శ్రవణ్‌కుమార్. “మేము వచ్చేసరికి మీరింక తాడు పట్టుకుని నీళ్లలనే ఉన్నరు, చూసిన. అందుకే నమ్ముతున్న. నాది గూడ నడుము పోయింది ఆ రాత్రే.”

“మరి నీకు ఆపరేషన్ చేపిస్తరా బిడ్డా?” అని లలితమ్మ కోపం మరిచిపోయి అడిగింది.

“నాకు వర్తించదమ్మా. వాలంటీర్లకు ఒక స్కీమ్, పర్మనెంటు స్టాఫ్‌కు ఒక స్కీమ్. నాది ఔట్‌సోర్సింగ్.” అతను ట్యాబులో ఏదో వెతికాడు. “ఒక దారి ఉంది. సాక్షం సరిపోకపోతే ప్రత్యక్షంగ చేసి చూపెట్టొచ్చు. ఆ దినం ఎట్ల మోసిన్రో గట్లనే, ఒక బరువైన మనిషిని, పది అడుగులు. నేను వీడియో తీస్త. ఇంక ఎవరి సాక్షం అక్కర లేదు.”

బరువైన మనిషి ఎవరని వెతికే పని పడలేదు. వాకిట్లో ఉన్నవాళ్లంతా తొట్టి గట్టు వైపు తిరిగారు.

బీరయ్యకు ఇది నచ్చింది. ఒప్పుకోకుండానే మేలు చేసే అవకాశం అయిదేళ్లకు దొరికింది. “చలో, దాంట్ల ఏముంది. యాక్టింగే గద,” అని మీసం సర్దుకుని గట్టు మీద నిలబడ్డాడు. వీడియో అనేసరికి వీధిలో పోయేవాళ్లు ఆగారు. తాలీంకు కొడుకులను పంపే తండ్రులు కూడా ఇద్దరు ముగ్గురు గేటు దగ్గర నిలబడ్డారు.

బాలరాజ్ శ్రవణ్‌కుమార్ దగ్గరికి వెళ్లి చిన్నగా అడిగాడు. “సార్, నొప్పి ఉందని చూపెట్టాల్నా, మోసిన్నని చూపెట్టాల్నా?”

“ఆ దినం ఏం చేసిన్రో గదే చెయ్యిన్రి బాపూ.”

ఆ రోజు చేసింది మొయ్యడం. కాబట్టి బాలరాజ్ పోయి కుడి భుజం వంచాడు. కళావతి వద్దన్నది. ఆమె మాట ఎవరూ వినిపించుకోలేదు. బీరయ్య గట్టు మీద నుంచి ఆ భుజం మీదికి దిగాడు. ఈసారి బరువు మొయ్యడానికి నీళ్లు లేవు. మొదటి అడుగుకే బాలరాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి, మూడో అడుగుకు పెదవి మీద రక్తం కనిపించింది. బీరయ్య నవ్వు మొహంతో ఎక్కాడు. నాలుగో అడుగులో, కింద తన తొడ దగ్గర, పుటుక్కుమన్న చప్పుడు విన్నాడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. అయిదేళ్ల నుంచి చాలాసార్లు నిద్రలో విన్నాడు.

“దించు తమ్మీ. చాలు,” అన్నాడు.

“ఇంక ఆరే అన్నా.”

“దించమంటున్న గద.”

“దించితే కేసు పోతది,” అన్నాడు బాలరాజ్, పళ్ల సందులోంచి. పది అడుగులూ నడిచి, పెద్దాయన్ని జాగ్రత్తగా నేల మీద దించి, గోడకు జారగిలబడి కూర్చున్నాడు. మొహం బూడిద రంగులోకి వచ్చింది. కళావతి పరుగెత్తుకొచ్చి చెంగుతో గాలి విసిరింది.

శ్రవణ్‌కుమార్ వీడియో ఆపబోతుంటే బీరయ్య అడ్డం వచ్చి నిలబడ్డాడు. “బంద్ చెయ్యకు సార్. ఇది గూడ ఎక్కించు. ఆ దినం ఆయన మోసింది నన్నే. నాకు ఈత రాదు. కిటికీ పట్టుకుని ఏడుస్తుంటే వచ్చి గిట్లనే ఎక్కించుకుండు. స్టేషన్ మెట్ల మీద గిదే చప్పుడైంది. నేను ఇన్న. ఇని గూడ అయిదేండ్లు నేనే ఆయనను మోసిన్నని చెప్పుకుని తిరిగిన.”

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బీరయ్యకు కొంత తేలికగా ఉండేది. గేటు దగ్గరి తండ్రుల్లో ఒకాయన నేల చూపులు చూస్తూ వెళ్లిపోయాడు, ఆయన వెనకే ఇంకొకాయన వెళ్లాడు. బీరయ్య వాళ్లను చూశాడు గానీ పిలవలేదు. బాలరాజ్ పక్కన నేల మీద కూర్చుని, అయిదేళ్లలో మొదటిసారి ఆ భుజం మీద చెయ్యి వేశాడు.

కళావతికి మాత్రం ఇంకో సంగతి తట్టింది. “అంటే బర్రె గుంజలేదా?” అని భర్తను అడిగింది. “అరిష్టమని దాన్ని అమ్మించిన గదయ్యా. పూటకు ఎనిమిది లీటర్లు ఇస్తుండె.”

బాలరాజ్ కళ్లు మూసుకున్నాడు. భుజంలో నొప్పి ఉన్నప్పుడు కొన్ని ప్రశ్నలను తప్పించుకోవచ్చు.

శ్రవణ్‌కుమార్ కళ్లు తుడుచుకున్నాడు. ఇంత గట్టి కేసు తన సర్వీసులో రాలేదన్నాడు. గాయానికి కారణమైన మనిషి దొరికాడు, బరువు సరిపోయింది, వీడియో ఉంది, ఒప్పుకోలు ఉంది. అన్ని గళ్లూ నింపి, ఒకటికి రెండుసార్లు సరిచూసి, సబ్మిట్ నొక్కాడు. ట్యాబు కాసేపు తిరిగింది. అందరూ దాని చుట్టూ మూగారు. ఈసారి ఎర్రబడలేదు, చక్కగా పచ్చగా వెలిగింది. శ్రవణ్‌కుమార్ పైకి చదవడం మొదలుపెట్టి, సగంలో గొంతు తగ్గించాడు.

“దరఖాస్తుదారు నూట పన్నెండు కిలోల బరువును పది అడుగులు మోయగలరు. వైకల్యం లేదు. శస్త్రచికిత్స అవసరం లేదు. రాబోయే వానకాలానికి క్రియాశీల వాలంటీరుగా ఎంపిక చేయడమైనది.”

“మోసి చూపెట్టమన్నది మీరే గద సార్,” అంది కళావతి.

“మొయ్యకపోతే కాపాడలేదని వస్తుండె అమ్మా.”

“మోస్తే?”

“నొప్పి లేదని వచ్చింది.”

“దాన్ని వెనకకు తియ్యరాదా?”

“ఒకసారి పచ్చగైతే వెనకకు రాదు. అప్పీలు పెట్టొచ్చు. అప్పీలుకు చెయ్యి పనిచెయ్యదని సర్టిఫికెట్ కావాలె. ఈ వీడియో చూసినంక ఎవ్వరు ఇయ్యరు.”

“మరి నేను చెప్పింది ఎక్కలేదా?” అని బీరయ్య అడిగాడు. అతని గొంతు అంత చిన్నగా ఉంటుందని బస్తీలో ఎవరికీ తెలియదు.

“ఎక్కింది ఉస్తాద్,” అన్నాడు శ్రవణ్‌కుమార్ నేల చూస్తూ. “రెండుసార్లు మోసిండని ఎక్కింది.”

తర్వాత అతను పోయి బైకు వెనక కట్టిన సంచి విప్పాడు. లైఫ్ జాకెట్, హెల్మెట్, ఈల, టార్చి, వంద అడుగుల తాడు. అన్నీ కొత్తవి, మంచివి. ఇవి క్రియాశీల వాలంటీరుకు ఈ రోజే ఇచ్చి తీరాలి, ఇచ్చినట్టు ఫోటో పంపాలి. ఇవ్వకపోతే తన ఉద్యోగం మీదికి వస్తుందని చెప్పాడు. అతని ఉద్యోగం ఎటువంటిదో విన్నాక వద్దనడానికి బాలరాజ్‌కు మనసు రాలేదు. గోడ పట్టుకుని లేచాడు. కళావతి జాకెట్ తొడిగింది, డానియేలు హెల్మెట్ పెట్టాడు.

“కుడి చెయ్యి పైకెత్తాలె బాపూ. ప్రమాణం చేసినట్టు. ఫార్మాట్ అట్లనే ఉంది,” అన్నాడు శ్రవణ్‌కుమార్.

చెయ్యి లేవలేదు. బీరయ్య వెనక్కి వెళ్లి నిలబడి, రెండు చేతులతో ఆ మోచేతిని పట్టుకుని, పసిబిడ్డను ఎత్తినంత మెల్లగా పైకి లేపి, ఫోటో అయ్యేదాకా అలాగే పట్టుకున్నాడు.

ఫోటో బాగా వచ్చింది. పంపేముందు శ్రవణ్‌కుమార్ అందులోంచి బీరయ్యను కత్తిరించి, పైకెత్తిన చెయ్యిని మాత్రం ఉంచాడు.